నోటితో అన్నీ చెప్తాడు, కాగితం మీదికి రావు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న టౌను. మా బాబుకి తొమ్మిదేళ్ళు, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో నాలుగో తరగతి. పాఠం నేను చదివి వినిపిస్తే ఒక్కసారికే పట్టేస్తాడు, తిరిగి కథలా చెప్తాడు. మా ఎలక్ట్రికల్ షాపులో కూర్చుంటే రెండు బల్బులు, మూడు మీటర్ల వైరు కలిపి ఎంతయిందో నోటిలెక్కతోనే చెప్పి చిల్లర ఇచ్చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. నిన్న చదివిన మాటనే ఇవాళ కొత్తగా చూస్తాడు. బోర్డు మీద ఉన్నది సగం కూడా ఎక్కించుకోడు. రాసిందాంట్లో ఒత్తులుండవు, దీర్ఘాలుండవు. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి చెప్పనక్కర్లేదు. కరోనా రోజుల్లో ఎల్‌కేజీ, యూకేజీ ఫోన్లోనే అయిపోయాయి, అందువల్లే అనుకున్నాం. కానీ అప్పుడు వాడితో ఉన్న పిల్లలందరూ ఇప్పుడు చదివేస్తున్నారు. తప్పు రాసిన మాటలు ఇరవైసార్లు రాయించమన్నారు టీచరు. రాత్రి పదింటిదాకా ఏడుస్తూ రాస్తాడు. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. మా వారు బద్ధకం అంటారు, ఒకట్రెండుసార్లు చేయి కూడా చేసుకున్నారు. మా అత్తగారు "వాళ్ళ నాన్నా ఇంతేగా, ఏడో తరగతి దాకా చదవడం రాలేదు, ఇప్పుడు షాపు నడపట్లేదా" అంటారు. నిజమే, మా వారు ఇప్పటికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లే పెడతారు. ప్రిన్సిపాల్ గారేమో స్పెషల్ స్కూలు చూసుకోమన్నారు. మా మరిది హైదరాబాదులో హాస్టల్ ఉన్న స్కూల్లో వేస్తే దారిలో పడతాడంటున్నాడు. ఇది డిస్లెక్సియానా? ఏం చేయమంటారు? మొన్న వాడే అడిగాడు, "నేను మొద్దునా అమ్మా" అని.
ఒక అమ్మ

సమాధానం: ముందు ఇవాళ రాత్రి నుంచే ఆ ఇరవైసార్లు రాయించడం ఆపేయండి. మిగతావన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం గానీ, ఇది మాత్రం డాక్టర్ల రిపోర్టు వచ్చేదాకా ఆగే పని కాదు. "రాష్ట్రం"లో ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని పిల్లాడు ఆ మాటను చూసి ఇరవైసార్లు దింపుతాడు, ఇరవై ఒకటోసారి చూడకుండా రాయమంటే మళ్ళీ మొదటికొస్తాడు. మధ్యలో నేర్చుకున్నది ఒక్కటే, పుస్తకమంటే ఏడుపని. టీచరుకి మీరే ఒక చీటీ రాసి పంపండి: "బాబుకి చదవడం, రాయడంలో ఇబ్బంది ఉంది, పరీక్ష చేయిస్తున్నాం, అప్పటిదాకా ఇంపోజిషన్ వద్దు" అని. ఆవిడ కాదంటే ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.

ఇక డిస్లెక్సియానా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం మాత్రం కుదరని ఇబ్బందా అన్న ప్రశ్న. ఉత్తరం చదివి అవునని చెప్పేస్తే అది జోస్యం అవుతుంది. కానీ మీరు రాసినదాంట్లో మూడు సంగతుల దగ్గర ఆగాను. విన్నది ఒక్కసారికే వస్తోంది, చదివింది రావడం లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే అన్నిటికంటే పెద్ద గుర్తు. తెలివి తక్కువైన పిల్లాడికి విన్నది కూడా అంత తేలిగ్గా ఎక్కదు. రెండోది, అదే కరోనా దాటి వచ్చిన తోటిపిల్లలు అందుకున్నారు, ఇతను అందుకోలేదు. మూడోది మీ అత్తగారి మాట. ఆవిడ ధైర్యం చెప్పడానికి అన్నారు గానీ నేనైతే ఆ మాటని కేసు కాగితంలో మొదటి వరుసలో రాసుకుంటాను. ఈ ఇబ్బంది కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రికో, మేనమామకో, అత్తకో ఉండి, ఎవరూ దానికి పేరు పెట్టకుండానే వాళ్ళ చదువు అయిపోయి ఉంటుంది.

లెక్కల గురించి భయం వద్దు. అంకెలంటేనే అర్థం కాని పిల్లలు వేరే ఉంటారు, వాళ్ళకి చిల్లర లెక్క కూడా తిరకాసే. మీ వాడు షాపులో చేస్తున్నది చూస్తే ఆ కోవలోకి రాడు. పరీక్షలో లెక్క తప్పుతున్నాడంటే బహుశా ప్రశ్న చదవలేక. ఒకసారి ఆ ప్రశ్నని మీరే చదివి వినిపించి చూడండి, నిమిషంలో తేలిపోతుంది.

చదవడం దగ్గర అసలేం జరుగుతోందంటే, మాటలోని ధ్వనులను విడదీసి, ఒక్కోదాన్నీ ఒక్కో అక్షరంతో జత చేయడం మనకి కొన్నాళ్ళకి అలవాటైపోతుంది, ఆలోచించక్కర్లేదు. ఈ పిల్లలకి ఆ జత కుదరడమే కష్టం, కుదిరినా త్వరగా గుర్తుకు రాదు. కొత్తగా స్కూటీ నేర్చుకున్నవాళ్ళ ధ్యాసంతా బ్యాలెన్స్ మీదే ఉంటుంది, దారిలో ఏ కొట్టు వచ్చిందని అడిగితే చెప్పలేరు. మీ వాడూ అంతే, పేరా చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో పోతుంది. చాలామంది అనుకున్నట్టు ఇది కళ్ళకి అక్షరాలు తిరగబడి కనిపించే జబ్బు కాదు. బి, డి తారుమారు చేయడం ఆరేడేళ్ళ దాకా మామూలు పిల్లలూ చేస్తారు.

మన లిపి ఈ పిల్లలకు ఒక రకంగా మేలు చేస్తుంది, ఇంకో రకంగా సతాయిస్తుంది. మేలు ఏమిటంటే, క ఎక్కడున్నా క లాగే పలుకుతుంది, ఇంగ్లీషులోలాగా మాటమాటకీ మారదు. సతాయింపు గుణింతాల్లోనూ ఒత్తుల్లోనూ ఉంది. "లక్ష్మి" అని రాయండి. నోటితో అన్నిటికంటే చివర పలికే ఇ కారం గుడి రూపంలో క మీదికెక్కి కూర్చుంటుంది, దాని తర్వాత పలకాల్సిన ష, మ కింద వేలాడతాయి. పలికే వరుస ఒకటి, చేయి కదిలే వరుస ఇంకొకటి. అందుకే తెలుగులో ఇలాంటి పిల్లలు తప్పు చదవడం కన్నా నెమ్మదిగా చదవడమే ఎక్కువగా కనిపిస్తుంది. రాతలో "అక్క" "అక" అవుతుంది, "గాలి" "గలి" అవుతుంది. ప, వ దగ్గర, మ, య దగ్గర తడబడతారు. మాట పొడుగైతే మధ్యలో అక్షరం మింగేస్తారు. ఇంగ్లీషులో ఇదే పిల్లాడికి నెమ్మదీ ఉంటుంది, తప్పులూ ఉంటాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర ఇంగ్లీషు మీడియం పిల్లలకి తరచుగా ఇంగ్లీషులో మాత్రమే పరీక్ష చేసి పంపేస్తున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడు ఇంగ్లీషు చదవలేకపోతే అది నేర్చుకోవడంలో ఇబ్బందా, ఆ భాషే సరిగ్గా రాకపోవడమా? ఒక్క ఇంగ్లీషు పేపరు చూసి చెప్పలేరు. కాబట్టి మీరు ముందు ఇంట్లోనే తెలుగు చూడండి. రెండో తరగతి తెలుగు వాచకం తీసుకుని ఇంతకుముందు చదవని పాఠంలోంచి నాలుగు లైన్లు చదివించండి. అలాంటివే ఇంకో నాలుగు లైన్లు మీరు చదివి వినిపించి ప్రశ్నలడగండి. తర్వాత పుస్తకం పక్కన పెట్టి, నోటితో ఒక ఆట: "కమల"లో మ తీసేస్తే ఏమొస్తుంది? "బడి"ని తిరగేసి చెప్పు. "పలక"లో మొదటి అక్షరం తీసేసి న పెట్టు. ఈ వయసు పిల్లలు నవ్వుతూ చెప్పేసే ఆట ఇది. ఇక్కడ కూడా తడుముకుంటుంటే అది ఉపయోగపడే సమాచారం, ఎందుకంటే ఇందులో రాయడం, చదవడం ఏమీ లేదు. చివర్లో ఒత్తు లేని మాటలు ఐదు, ఉన్నవి ఐదు చెప్పి రాయించండి. దిద్దకండి, తిట్టకండి, ఆ కాగితం మీద తేదీ వేసి దాచండి.

తెలుగు హాయిగా చదివి ఇంగ్లీషులోనే ఆగిపోతుంటే, చాలావరకు ఇది ఇంగ్లీషు నేర్పిన తీరులో లోపం. రెండింటిలోనూ ఆగుతుంటే నా అనుమానం బలపడుతుంది. మూడో రకం కూడా ఉంది, మన ప్రైవేటు స్కూళ్ళలో అదే ఎక్కువ: పిల్లాడికి తెలుగు ఎవరూ కుదురుగా నేర్పనే లేదు. తెలంగాణలో 2018 చట్టం వల్ల అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు చెప్పాలి, సరే, కానీ ఉన్న ఒక్క పీరియడూ ప్రశ్నజవాబులు దింపుకోవడానికే సరిపోతుంది. గుణింతాలు గట్టిగా చెప్పించిన రోజే లేని పిల్లాడికి ఒత్తులు రాలేదని వైకల్యం అనేస్తే అన్యాయం. అలాంటప్పుడు మూడు నెలలు పద్ధతిగా నేర్పి చూడాలి. నేర్పితే చకచకా అందుకునేవాడికి ఉన్నది వెనకబాటు. బాగా నేర్పినా నత్తనడకే అయితే అప్పుడు ఆలోచించాలి.

పరీక్షకు వెళ్ళేముందు కళ్ళ డాక్టరుకి ఒకసారి, చెవుల డాక్టరుకి ఒకసారి చూపించండి. చిన్నప్పుడు చెవిలో చీము కారేదా, పిలిస్తే పలకకపోవడం ఉందా, అది తప్పకుండా చెప్పండి. బోర్డు మీది నుంచి దింపుకోలేకపోవడానికి ఒక్కోసారి కారణం చూపే. ఇవి తేలిగ్గా తేలే విషయాలు, తేలకుండా ముందుకెళ్తే తర్వాత డబ్బూ టైమూ వృథా.

ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి. గది బయట బోర్డు మీద ఏం రాసుందో కాదు, ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. ఈ ప్రశ్న అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర్నుంచి నిశ్చింతగా లేచి వచ్చేయొచ్చు. మీ జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుని అడిగితే, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రానికి గానీ సైకాలజిస్టుకి గానీ పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో పిల్లల మేధో ఎదుగుదల సమస్యలు చూసే ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు ఫోన్ చేసి ఏ రోజు రమ్మంటారో కనుక్కుని బయల్దేరండి. ఒక్క పూటలో అయిపోదు, రెండుమూడు సార్లు కూర్చోబెడతారు. ఐక్యూ చూస్తారు, చదవడం, రాయడం, లెక్కలు, ధ్యాస, జ్ఞాపకం విడివిడిగా చూస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు తయారుచేసిన పరీక్షను మన దేశంలో ఎక్కువగా వాడతారు. అందులో 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళకి ఒక స్థాయి, 8 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి ఇంకో స్థాయి ఉంటాయి. మీరు అడగాల్సింది ఒకటే: "బాబుని తెలుగులో కూడా చదివించి, రాయించి చూస్తారా?" వెళ్ళేటప్పుడు నీటుగా ఉన్న నోటుబుక్కులు కాకుండా, ఎర్రసిరాతో నిండిన పరీక్ష పేపర్లు, సగం రాసి వదిలేసిన క్లాస్‌వర్క్, ఇంట్లో మీరు రాయించిన ఆ కాగితం పట్టుకెళ్ళండి. మాటల్లో చెప్పలేనివి అవి చెప్తాయి. నిలకడగా కూర్చోలేకపోవడం, మాట మధ్యలోనే ఇంకోదాని మీదికి పోవడం ఉంటే అదీ చెప్పండి. ధ్యాస నిలవని సమస్య దీనితో పాటు వచ్చే పిల్లలు చాలామంది, దానికి చికిత్స వేరు.

ఇక్కడొక మాట. డిస్లెక్సియాకి మందు లేదు. మెమరీ సిరప్పులు, రంగు కళ్ళద్దాలు, కళ్ళకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ క్లాసులు, వీటి ప్రకటనలు మీ ఊరి బస్టాండులో కూడా ఉండే ఉంటాయి. ఆ డబ్బు ఒక మంచి స్పెషల్ ఎడ్యుకేటర్‌కి, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచరుకి ఇవ్వండి.

ప్రిన్సిపాల్ గారి మాటకి వద్దాం. స్పెషల్ స్కూలు అక్కర్లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఈ అభ్యసన వైకల్యం కూడా ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన పద్ధతుల్లో బోధించాలనే ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెప్తోంది. టీచర్లు నింపడానికి ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే ప్రశ్నావళి కూడా ఇచ్చింది, యాప్ రూపంలోనూ ఉంది. దాన్ని నింపి ఇవ్వమని అడగండి. గొడవకి వెళ్ళినట్టు కాకుండా, మీ వారిని కూడా తీసుకుని వెళ్ళి, అడగదలుచుకున్న ఈ వెసులుబాట్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం. క్లాసులో ఉన్నపళంగా లేపి చదివించకపోవడం. బోర్డు మీదిది మొత్తం దింపమనకుండా, మిగతాది ఫోటో తీసి పంపడం. సైన్సు, సోషల్‌లో స్పెల్లింగు తప్పుకి మార్కు కోయకపోవడం, స్లిప్ టెస్టు వీలైతే నోటితో పెట్టడం. వీటిలో దేనికీ స్కూలుకి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

(ఇది చదివేవాళ్ళలో ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులుంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిపే భవిత కేంద్రంలో సహిత విద్య టీచర్లు ఉంటారు, హెడ్మాస్టరు ద్వారా వాళ్ళని కలవండి. ద్విభాషా పుస్తకాలు వచ్చిన తరగతుల్లో ముందు తెలుగు పేజీ చదివి వినిపించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీకి వెళ్ళండి.)

వైకల్య సర్టిఫికెట్ అనగానే ముద్ర పడిపోతుందని చాలా ఇళ్ళలో భయపడతారు. పరీక్ష చేయించడం వేరు, సర్టిఫికెట్ తీసుకోవడం వేరు. మొదటిది ఇప్పుడే కావాలి. రెండోది తొమ్మిదో తరగతిలోకి వచ్చేలోపు చేతిలో ఉంటే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, చెప్తే రాసిపెట్టే స్క్రైబ్ కావాలంటే ఆ కాగితం అడుగుతారు. సీబీఎస్ఈలో అయితే మూడు గంటల పేపరుకి గంట అదనంగా ఇస్తారు, రెండు భాషలకు బదులు ఒకే భాషతో పది రాయొచ్చు. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు దాటాకే సర్టిఫికెట్ ఇవ్వాలని, 14 ఏళ్ళప్పుడూ 18 ఏళ్ళప్పుడూ మళ్ళీ చూపించుకోవాలని ఉండేది. 2024లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, ఇప్పటి నిబంధన పరీక్ష చేసినచోటే కనుక్కోండి.

ఇంట్లో మీరు చేయాల్సింది రోజుకి ఇరవై నిమిషాలు. స్కూలు నుంచి వచ్చి ఏదైనా తిని, కాసేపు ఆడుకున్నాక. నిద్రొచ్చే వేళ వద్దు. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క గుణింతం, లేదా ఒక్క ఒత్తు. ఇవాళ క ఒత్తు అయితే అక్క, ముక్కు, చుక్క, అంతే. నోటితో గట్టిగా అంటూ, పలక మీద పెద్దగా రాయాలి, అనేదీ రాసేదీ ఒకేసారి జరగాలి. నిన్నటిది రాకుండా ఇవాళ్టి కొత్తదానికి వెళ్ళకండి, సిలబస్ మీ వెంట పడటం లేదు. పొడుగు మాటల్ని పెన్సిల్ గీతతో విడగొట్టి చూపండి. ఆఖరి ఐదు నిమిషాలు ఒకే పుస్తకం మీద వేలు పెట్టి ఇద్దరూ కలిసి పైకి చదవండి, అతను తడబడిన చోట మీ గొంతు ఆగకుండా సాగిపోవాలి. ఇంగ్లీషుకి కూడా ఇదే దారి, అక్షరాల పేర్లు కాకుండా వాటి ధ్వనులతో మొదలుపెట్టి.

మిగతా సబ్జెక్టులు ఇప్పటిదాకా చేస్తున్నట్టే చదివి వినిపించండి. అది వాడిని సోమరిని చేయదు. చదవడం రాలేదని నాలుగో తరగతి సైన్సు కూడా ఆపేస్తే, చదవడం వచ్చేనాటికి తెలిసినది ఏమీ ఉండదు. ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌లో పాఠాల ఆడియోలు, వీడియోలు దొరుకుతాయి, మీకు ఓపిక లేని రోజు అవి పెట్టండి.

మీ వారితో మాట్లాడటం అన్నిటికన్నా సున్నితమైన పని. "మీకూ ఇదే ఉంది" అని మాత్రం మొదలుపెట్టకండి, ఎవరూ ఒప్పుకోరు. చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టార్ల గురించి, తిన్న దెబ్బల గురించి ఒక రాత్రి తీరిగ్గా అడగండి. పరీక్షకి వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా రమ్మనండి, కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉండేదా అని సైకాలజిస్టు ఎలాగూ అడుగుతారు. సమాధానం ఆయన నోటి నుంచే వస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. ఒకటి మాత్రం ఇవాళే చెప్పేయండి: చదువు విషయంలో చేయి చేసుకోవడం ఇక ఉండకూడదు. రాని పిల్లాడిని కొడితే వచ్చేది కడుపునొప్పే.

బాబు అడిగినదానికి ఏం చెప్పాలని మీరు విడిగా అడగలేదు, కానీ అడిగినట్టే. "ఛ, అలా అనకు" అని కొట్టిపారేయకండి, తనకి చదవడం కష్టంగా ఉందని వాడికి తెలుసు. ఉన్నదే చెప్పండి: "మొద్దువి కాదు. అక్షరాలు నీ బుర్రలో త్వరగా కుదరట్లేదు, అది కొంతమందికి పుట్టుకతోనే ఉంటుంది. దానికి వేరే రకంగా నేర్పే టీచర్లుంటారు, మనం వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. టైం పడుతుంది. ఈలోపు నువ్వు తప్పు రాస్తే ఇంట్లో ఎవరూ అరవరు." ఆఖరి వాక్యం నిలబెట్టుకోగలిగితేనే అనండి. అమ్మమ్మ తాతయ్యలకి, మీ అత్తగారికి కూడా ఈ ఒప్పందం తెలియాలి.

చివరిగా మీ మరిది చెప్పిన హాస్టల్ సంగతి. వద్దమ్మా. తెల్లవారుజామున లేపి స్టడీ అవర్లు పెట్టే చోట, వందమందిలో ఒకడిగా, సాయంత్రం పాఠం చదివి వినిపించే మనిషి కూడా లేకుండా ఈ పిల్లాడు ఇంకా వెనక్కి పోతాడు. ఈ రెండేళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి. ట్యూషన్‌కి వెళ్తుంటే, అక్కడ కూడా హోంవర్కు రాయించడమే అయితే అది మాన్పించి, ఆ గంట షాపులో వాళ్ళ నాన్న పక్కన కూర్చోనివ్వండి. తనకి వచ్చిన పనిని నలుగురూ చూసే చోటు వాడికి ఒకటి ఉండాలి.